ఇరవై అయిదు నిమిషాలు

ఎర్రగుట్టపల్లి సర్కారు దవాఖానలో సంధ్య పన్నెండేళ్లుగా స్టాఫ్ నర్సు. ఆమె చేతుల్లో పడ్డ పిల్లలు కొందరు ఇప్పుడు ఆ ఊరి బడిలో ఆరో తరగతి చదువుతున్నారు. బస్టాండులో ఎదురైతే తల్లులు వాళ్ల వీపు తట్టి, సిస్టరమ్మకు దండం పెట్టమంటారు. ఇన్ని దండాలు పుచ్చుకునే మనిషికి తన మీద తనకు మంచి అభిప్రాయం ఉండడంలో వింత లేదు. మొన్న సోమవారం మధ్యాహ్నం దాకా సంధ్యకూ ఉండేది.

ఆ సోమవారం అమావాస్య. ప్రణీత అనే ఇరవై రెండేళ్ల అమ్మాయి తొలి కాన్పుకు వచ్చింది. వెంట అత్త సైదమ్మ. పొద్దున్నే పంతులుకు ఫోన్ చేసి, అమావాస్య ఒంటిగంటా నలభై దాకా ఉందని కనుక్కుని మరీ వచ్చింది ఆమె. వచ్చిన దగ్గర్నుంచీ కాన్పు గది తలుపు వదల్లేదు. సంధ్య బయటికి వచ్చినప్పుడల్లా "జర రెండు దాటనియ్యి బిడ్డా" అని బతిమాలింది, కాన్పంటే డ్రైవరుకు చెప్పి కాసేపు ఆపించుకునే బస్సు అన్నట్టు. కడుపులో ఉన్నవాడికి పంచాంగంతో పనేముంది? ఒంటిగంటా ఇరవైకి బయటపడి, గది దద్దరిల్లేలా ఏడ్చాడు.

బిడ్డను సంధ్య పట్టుకుంది. పక్కనున్న నిహారిక తల్లి తొడకు సూది ఇచ్చింది. నిహారిక కాంట్రాక్టు నర్సు, ఇరవై మూడేళ్ల పిల్ల, చేరి మూడు నెలలు. ఆ సూది బిడ్డ బయటపడిన నిమిషంలోపు ఇవ్వాలి. అప్పుడే గర్భసంచి బిగుసుకుని రక్తం ఆగుతుంది. అదే సూదిని కాన్పు తొందరగా తెమిలిపోవాలని బిడ్డ పుట్టకముందే పొడిస్తే గర్భసంచి చిరిగి తల్లి ప్రాణం మీదికి వస్తుంది. నిహారిక ఇవ్వాల్సినప్పుడే ఇచ్చింది. ఇచ్చిన వెంటనే మందుల కాగితం మీద 1.21 అని రాసి సంతకం పెట్టింది. చేసిన పని చేసినప్పుడే రాయాలని కాలేజీలో నేర్పిన అలవాటు ఆమెకు ఇంకా పోలేదు.

సంధ్య బిడ్డను తుడిచి, గుడ్డలో చుట్టి తలుపు దగ్గరికి తెచ్చింది.

"కొడుకు. మూడు కిలోలున్నడు."

"ఎన్నింటికి పుట్టిండు?" సైదమ్మ బిడ్డ మొహం చూడనైనా చూడలేదు.

"ఒకటీ ఇరవైకి."

సైదమ్మ అక్కడే నేల మీద కూలబడింది. కాసేపటికి సంధ్య చీర కుచ్చెళ్లు పట్టుకున్నంత పని చేసింది, సంధ్య వేసుకున్నది చీర కాదు గనుక తెల్లకోటు అంచు దొరికింది.

"నా తమ్ముడు కురుమయ్య అమాసల్నే పుట్టిండు సిస్టరమ్మా. ఊరంత వాన్ని అమాసోడు అనుడే. విత్తనాలు పెట్టేనాడు చెల్కల అడుగు పెట్టనియ్యరు. ఇంట్ల బర్రె సచ్చినా వాని దిక్కే చూసిర్రు. యాభై ఏండ్లొచ్చినయి, పెండ్లి లేదు, పిల్లలు లేరు. నా మనుమనికి గా బతుకొద్దు. నువ్వు జర అటిటు రాస్తే నీ సొమ్మేం పోతది?"

సంధ్యకు నిజంగానే జాలి కలిగింది. ఇది ఆమెకు కొత్త కూడా కాదు. ఎవరో ఒకరు నక్షత్రమనో వర్జ్యమనో వచ్చి చేతులు పట్టుకుంటారు. ఇదివరకు అయిదారు సార్లు అయిదు నిమిషాలో పది నిమిషాలో జరిపింది, ఎవరికీ ఏమీ కాలేదు. ఈసారి ఇరవై అయిదు నిమిషాలు కావలసి వచ్చింది. కాన్పుల రిజిస్టరులో, కేసు షీటు మీద బిడ్డ పుట్టిన సమయం 1.45 అని రాసింది. అప్పటికి ఆ సమయం ఇంకా రానేలేదు. అబద్ధం రాస్తున్నానని ఆమెకు తోచలేదు, పుణ్యం చేస్తున్నాననే అనుకుంది. నిహారిక రాసిన మందుల కాగితం సంగతి గుర్తే రాలేదు.

రెండు కాకముందే ప్రణీతకు రక్తం పోవడం మొదలైంది. గర్భసంచి బిగుసుకోలేదు. అన్నీ సరిగ్గా చేసినా నూటికి ఒకరిద్దరికి అలా అవుతుంది. సంధ్య, నిహారిక, రఘుపతి డాక్టరు ముగ్గురూ చేయాల్సిందంతా చేశారు, ఆగలేదు. చివరికి కాగితాలన్నీ కట్టగట్టి 108లో జిల్లా దవాఖానకు పంపారు. వెంట నిహారిక వెళ్లింది. నలభై కిలోమీటర్లూ ప్రణీత పొట్ట మీద చెయ్యి పెట్టి అదుముతూనే కూర్చుంది. అక్కడ నాలుగు బాటిళ్ల రక్తం ఎక్కించాక గాని ప్రణీత గండం గడవలేదు.

మర్నాడు పదకొండింటికి రఘుపతి సారు ఇద్దరినీ తన గదికి పిలిచాడు. దవాఖానకు పెద్ద ఆయనే. మంచివాడే, కాకపోతే పై నుంచి కాగితం వచ్చిందంటే దానికి జవాబు రాసేదాకా ఆయనకు అన్నం సహించదు.

"జిల్లా డాక్టర్లు అడుగుతున్నరు," అన్నాడు నిహారికతో. "బిడ్డ పుట్టింది ఒకటీ నలభై అయిదుకు. నువ్వు సూది ఇచ్చింది ఒకటీ ఇరవై ఒకటికి. పుట్టకముందే సూది పొడిచినవా అమ్మా?"

నిహారిక కళ్లు పెద్దవయ్యాయి. "లేదు సార్. బిడ్డ బయటికొచ్చినంకనే ఇచ్చిన."

"మరి ఈ రాత ఎవరిది?"

ఆమె కాగితం తీసుకుని చూసింది. "నాదే సార్."

"సంధ్యా, నువ్వు పక్కనే ఉన్నవు గదా. ఏం జరిగింది?"

అప్పుడు చెప్పేస్తే అక్కడికి అయిపోయేది. చెప్పడానికే నోరు తెరిచింది. రిజిస్టరు దిద్ది సస్పెండయిన నర్సుల కథలు ఆమె చాలా విన్నది, కొన్నిటిని టీ తాగుతూ నవ్వుతూ చెప్పింది కూడా. ఇక తన కథ చెప్పుకుంటూ మిగతా నర్సులు టీ తాగుతారు.

"గడబిడల ఉండె సార్," అన్నది. "నేను బిడ్డ దిక్కు చూస్తున్న. సూది సంగతి నాకు యాది లేదు."

నిహారిక తల తిప్పి ఆమెను చూసింది. ఆ చూపులో కోపం లేదు, అదే సంధ్యకు ఎక్కువ గుచ్చుకుంది.

"గురువారం పన్నెండింటికల్ల జవాబు పోవాలె," అన్నాడు రఘుపతి సారు. "నువ్వా, కాంట్రాక్టు పిల్లవు. ముందుగాల సూది ఇచ్చినవని తేలితే ఈడ తీసేస్తరు. నర్సింగ్ కౌన్సిలు దాక పోతే ఇంకేడ కూడ నర్సు పని దొరకదు. మంచిగ యాది చేస్కో."

ఆ సాయంత్రం నకిరేకల్‌లో ఇంటికి చేరాక సంధ్య ఒక్కచోట కూర్చోలేకపోయింది. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది. ఆరేసిన బట్టలు తడిగా ఉండగానే తీసుకొచ్చి మళ్లీ వెళ్లి ఆరేసింది. మగ్గం దిగి వచ్చిన తండ్రి లక్ష్మీనర్సయ్య కాసేపు చూసి, "ఒక్క జాగల నిలువవు, కాళ్ల కింద నిప్పులు పోసిర్రా బిడ్డా?" అన్నాడు. ఏం లేదు బాపూ అని లోపలికి పోయింది. తాను చెప్పిన మాటను తానే నెమరేసుకుంటూ, నేనేమీ నిహారిక తప్పు చేసిందని అనలేదు కదా, యాది లేదన్నాను అంతే కదా అని పదిసార్లు సర్దిచెప్పుకుంది. పదకొండోసారికి ఆ మాట మీద తనకే అసహ్యం పుట్టింది.

బుధవారం సెలవు పెట్టి జిల్లా దవాఖానకు బస్సెక్కింది. ఎందుకు పోతోందో ఆమెకే తెలియదు. ప్రణీత బాగుంటే తన తప్పు కొంచెం తగ్గుతుందని ఆశ పడిందేమో. ప్రణీత నిజంగానే కొంచెం తేరుకుంది, దిండుకు ఆనుకుని పాలు తాగుతోంది. సైదమ్మ మనుమణ్ని ఒళ్లో పెట్టుకుని, సంధ్యను చూడగానే చుట్టాన్ని చూసినట్టు లేచింది.

"నీ కడుపు సల్లగుండ సిస్టరమ్మా! మంచి ఘడియల పుట్టిండు గనుకనే వీని తల్లి బతికొచ్చింది. ఊరంత గదే అంటున్నరు. అదే అమాసల పుట్టినుంటే పుట్టంగనే తల్లిని మింగవోయిండు అందురు." అని గొంతు తగ్గించి, "మన ఇద్దరికే ఎరుక. నా కొడుక్కు సుత చెప్పలే," అన్నది.

సంధ్య ఆ పిల్లవాడి వైపు చూసింది. నిజం బయటపడితే పాలు కూడా సరిగా పట్టని ఈ పిల్లవాడి నెత్తిన ఏం పడుతుందో సైదమ్మ నోటనే విన్నది. నిజం బయటపడకపోతే అక్కడ నిహారిక బతుకు పోతుంది. రెండిట్లో ఏ ఒక్కటీ తాను మోయడం లేదు, తాను మాత్రం దండాలు పుచ్చుకుంటోంది.

"అక్కా," అని ప్రణీత సన్నగా పిలిచింది. "అంబులెన్సుల నా పొట్ట మీద చెయ్యి తియ్యకుంట వచ్చిన పిల్ల రాలేదా? కండ్లు తెరిచినప్పుడల్ల ఆమె మొహమే కనిపించింది. ఏమైతలేదక్కా, ఏమైతలేదు అనుకుంట వచ్చింది."

"డ్యూటీల ఉంది," అని చెప్పి సంధ్య బయటపడింది. బస్టాండుకు పోయే దారిలో రెండు బస్సులు ఆపి కూడా ఎక్కలేదు.

గురువారం పొద్దున డ్యూటీకి రాగానే హెడ్ నర్సు అరుణమ్మను పక్కకు పిలిచి ఉన్నదున్నట్టు చెప్పేసింది. అరుణమ్మ ముప్పై ఏళ్ల సర్వీసు మనిషి, వచ్చే ఏడాది రిటైరవుతుంది. విని, పెద్దగా ఆశ్చర్యపోలేదు.

"గింతేనా? నేనేందో అనుకున్న. నా చేతుల మీద ఎంతమంది నక్షత్రాలు మారినయో నాకే లెక్క లేదు. ఇండ్ల ఫికర్ చేసేదేముంది? నువ్వు పుట్టిన టైం మార్చినవు, సూది టైం మార్చలే. గంతే తేడా. ఆ పిల్లతోని మందుల కాగితం ఇంకోటి రాయించు, ఒకటీ నలభై ఆరు అని. మొదట్ల గడబిడల తప్పు పడ్డదని సార్‌కు చెప్పుదాం. సార్‌కు సుత గదే కావాలె. నువ్వు బతుకుతవు, పిల్ల బతుకుతది, ఆ పిలగాడు బతుకుతడు."

ఇంత తేలికా అనిపించింది సంధ్యకు. మూడు రోజులుగా ఛాతీ మీద కూర్చున్నదేదో దిగిపోయింది. ఆకలి కూడా వేసింది. అరుణమ్మ డబ్బాలోంచి ఒక సర్వపిండి ముక్క తీసుకుని నిలబడే తినేసి, కొత్త కాగితం పట్టుకుని నిహారికను వెతుక్కుంటూ వెళ్లింది.

నిహారిక మందుల గదిలో ఒంటరిగా ఉంది. కళ్ల కింద నల్లగా ఉంది. సంధ్య కాగితం ఆమె ముందు పెట్టింది.

"నిహారికా, ఇది మల్ల రాయి. సూది ఒకటీ నలభై ఆరుకు ఇచ్చినవని రాసి సంతకం పెట్టు. సార్‌తోని అరుణమ్మ మేడం మాట్లాడుతది. నీకేం కాదు."

ఎందుకో, ఏమిటో అని అడుగుతుందనుకుంది. దానికి తగ్గ జవాబు కూడా కూర్చుకుని వచ్చింది. నిహారిక ఏమీ అడగలేదు. పెన్ను తీసుకుని ప్రణీత పేరు రాసింది, తేదీ రాసింది. సమయం రాయాల్సిన చోట ఆగిపోయింది.

"అక్కా, ఒక్కటి అడుగుత, నిజం చెప్పు. నేను ముందుగాల్నే ఇచ్చిన్నా?"

సంధ్య నోరు తెరిచేలోపే నిహారికే మళ్లీ అన్నది.

"మూడు రోజుల సంది యాది చేసుకుంటున్న. బిడ్డ ఏడుపు ఇన్నంకనే ఇచ్చినట్టు ఉంటది. మల్ల ఆ కాగితం యాదికొస్తే, లేదు, ముందుగాల్నే ఇచ్చిన్నేమో, నాకే తెల్వకుంట పొడిచిన్నేమో అనిపిస్తది. పొద్దున ఒక ముసలాయనకు సూది ఇయ్యబోయి ఇయ్యలేకపోయిన. మేడమే ఇచ్చింది. మా అమ్మకు ఫోన్ చేసి, నా వల్ల ఒక బాలింత సచ్చిపోతుండె అమ్మా అని చెప్పిన." ఆమె ఏడవడం లేదు, అదంతా ఎప్పుడో అయిపోయినట్టుంది. "నాకు ఈ పని చేతగాదేమో అక్కా. నౌకరి తీసేసినా మంచిదే."

సంధ్య చెయ్యి చాచి ఆమె చేతిలోని పెన్ను లాక్కుంది. ఆ పిల్ల ఉద్యోగం కాపాడుతున్నానని తృప్తిగా సర్వపిండి తిని వచ్చింది తాను. ఇక్కడ ఉద్యోగం కంటే పెద్దది పోతోంది.

"నువ్వు సరిగ్గనే ఇచ్చినవు," అన్నది. "బిడ్డ పుట్టింది ఒకటీ ఇరవైకి. నిమిషంల సూది ఇచ్చినవు. పుట్టిన టైం నేను మార్చిన. అమాస దాటినట్టు రాయుమని ఆ ముసలామె కాళ్లు పట్టుకుంటే రాసిన."

నిహారిక కాగితం మీదినుంచి తలెత్తింది.

"మంగళారం సార్ ముంగట యాది లేదన్నవు."

"అన్న."

"యాది లేకనే అన్నవా?"

"యాది ఉంది," అన్నది సంధ్య.

నిహారిక కుర్చీ వెనక్కి జరుపుకుని లేచింది. సగం రాసిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసి, ఆమె పక్కనుంచి తగలకుండా తప్పుకుని బయటికి వెళ్లిపోయింది. తిడితే బాగుండునని సంధ్యకు అనిపించింది. తిట్టేంత దగ్గరివాళ్లం కూడా కాము ఇప్పుడు అనుకుంది.

రఘుపతి సారు గదిలోకి పోయేటప్పుడు రిజిస్టరు చంకన పెట్టుకుని పోయింది. మొత్తం చెప్పింది. మంగళవారం ఆడిన అబద్ధం కూడా వదలకుండా చెప్పింది. ఆయన మొదట నమ్మలేదు, తర్వాత అరిచాడు, ఆ తర్వాత తల పట్టుకున్నాడు.

"ఏం చేస్తున్నవో తెలుస్తుందా నీకు? సర్కారు రిజిస్టరు. కాన్పు చేసినదానివి నువ్వే, రాసినదానివి నువ్వే. ఇది పై దాక పోతది."

"తెలుసు సార్."

"ఆ పిల్ల కాగితం ఒకటి మార్చుకుంటే అయిపోతుండె గదా," అన్నాడు ఆయన, కొంచెం నెమ్మదిగా. అన్నాక తానే కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు.

"ఆమె రాసిందొక్కటే నిజం సార్ ఆ కట్టల," అన్నది సంధ్య.

ఆయన ఎదురుగానే రిజిస్టరు తెరిచి, 1.45 కనబడేలా దాని మీద ఒక్క గీత గీసి, పక్కన 1.20 అని రాసి, సంతకం, తేదీ వేసింది. తప్పు దిద్దే పద్ధతి అదే, కొట్టేసింది కూడా చదవడానికి వీలుండాలి. పన్నెండింటికి జవాబు పోయింది. నిహారిక మీద ఏ తప్పూ లేదని మొదటి వాక్యంలోనే రాయించింది. సంధ్యకు మెమో వస్తుందనీ, పై నుంచి ఆర్డరు వచ్చేదాకా డ్యూటీ చేయవచ్చు గాని రిజిస్టరు ముట్టొద్దనీ సారు చెప్పాడు.

ఇంకొక పని మిగిలింది. ఆఫీసు కాగితంలో చూసి తెలుసుకునే ముందు తన నోటితో చెప్పాలని వరండాలో నిలబడి సైదమ్మకు ఫోన్ చేసింది. సైదమ్మ విన్నది. వెనకనుంచి పిల్లవాడి ఏడుపు వినబడుతోంది.

"ఇగ తల్లి పడ్డ గండం వాని నెత్తినే రుద్దుతరు," అన్నది చివరికి. "మంచి చేస్తవనుకుని నీ కోటు పట్టుకున్న. నువ్వే రుద్దినవు బిడ్డా."

"వాని తల్లికి రక్తం పోయింది గర్భసంచి గట్టి పడక. దానికీ అమాసకూ సంబంధం లేదమ్మా. కావాలంటే నేనొచ్చి మీ ఇంటోళ్లందరికీ చెప్త."

"నువ్వు చెప్తే నమ్మాలెనా ఇంక?" అని సైదమ్మ ఫోన్ పెట్టేసింది.

సంధ్య ఫోన్ చేతిలో అలాగే పట్టుకుని వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు నడిచింది. ఇంకా నడిచేదే గాని, కాన్పు గదిలోంచి కేక వినిపించింది. మల్లమ్మ అని, మూడో కాన్పు. ఆగే సూచనలు లేవు. అరుణమ్మ భోజనానికి వెళ్లింది. లోపల నిహారిక ఒక్కతే ఉంది.

సంధ్య చేతులు కడుక్కుని గ్లవ్స్ తొడుక్కుంది. నిహారిక సూది సిద్ధం చేసుకుని పక్కన నిలబడింది. సంధ్యతో ఒక్క మాట మాట్లాడలేదు. మల్లమ్మ మాత్రం ఇద్దరి తరఫునా గట్టిగా అరుస్తోంది. పది నిమిషాల్లో ఆడపిల్ల సంధ్య చేతుల్లోకి జారి, ముక్కు చీదినట్టు చిన్నగా ఏడ్చింది.

"టైం చెప్పు," అన్నది నిహారిక. అక్కా అనలేదు.

సంధ్య గోడ మీది గడియారం చూసి చెప్పింది. "పన్నెండూ యాభై రెండు."

నిహారిక వంగి మల్లమ్మ తొడకు సూది ఇచ్చింది. సూది తిన్నగానే దిగింది. దూదితో అదిమి, మందుల కాగితం దగ్గరికి వెళ్లి, పెన్ను మూత తీసింది. రాయబోయి ఆగింది. తలెత్తి గడియారాన్ని తన కళ్లతో తాను చూసుకుని, అప్పుడు రాసింది.